కూలుచున్న దేవిడీలు, మూగవోయిన సన్నాయిలు

హైదరాబాదు పాతనగరమున మెట్రో రైలు మార్గము వేయుటకై 2025వ సంవత్సరారంభమున ఇండ్లను, దుకాణములను పడగొట్టుట మొదలైనది. మహాత్మాగాంధి బస్సు స్టేషను మొదలుకొని చాంద్రాయణగుట్ట వరకు ఏడున్నర కిలోమీటర్లు సాగవలసిన యీ మార్గము దారుల్‌షిఫా, పురానీ హవేలీ, ఎతేబార్ చౌకు, హరిబౌలి, శాలిబండల మీదుగా నిర్ణయింపబడినది. ఈ పేర్లు వినినవారికి ఎట్టి యిండ్లు పోవునో వేరుగ చెప్పనక్కరలేదు. గజమునకెంత పరిహారము, ఏ మసీదునకు, ఏ గుడికి, ఏ ఆషూర్‌ఖానాకు ఎంత యెడము విడువవలెను అను విషయములపై చర్చ కావలసినంత జరిగినది, జరుగుటయు న్యాయమే. రైలు వలదని మేమనము. పాతనగరవాసులు ఏండ్ల తరబడి కోరిన సౌకర్యమది. మా వ్రాత వేఱొక విషయమును గూర్చినది. ఇల్లు పడునపుడు అటకమీది సామానును క్రిందికి దిగును. అందు ఇత్తడి తూకమునకు పోవును, కాగితము కట్టలుగా కట్టబడి పోవును, కొయ్య పొయ్యిలోనికి పోవును. ఆ కొయ్యలో తాతలనాటి సన్నాయి యొకటి, పిల్లనగ్రోవి యొకటి, బ్యాండు మేళమువారి క్లారినెట్టు ఒకటి యున్నదేమో యని చూచు నాథుడు లేడు.

పాతనగరమును గూర్చియే యిది ప్రత్యేకించి చెప్పనేల యందురేమో. వాద్యధ్వనిని విని ప్రొద్దు తెలిసికొనిన నగరమిది. 1591లో వెలసిన చార్మినారునకు ఉత్తరమున నాలుగు కమానులు కట్టబడెను. అందు తూర్పు కమాను రాజుగారి నక్కారాఖానాగ పేరుగన్నది. గోలకొండ కోటలోను నక్కారాఖానా కలదు. నేడు బిర్లావారి నక్షత్రశాల యున్న గుట్టకు నౌబత్ పహాడు అను పేరు ఊరక రాలేదు. నౌబతనగా నగారా మ్రోత మాత్రమే యని పలువురి తలంపు. నగారా ఒంటరిగ నౌబతు కానేరదు. దానితోకూడ సన్నాయి యుండవలెను, కర్నా యుండవలెను. తన వాకిట నౌబతు వాయించుకొను హక్కు ప్రభువు దయచేయు గౌరవములలో నొకటిగ నుండెడిది. జాగీరువలెనే దానికొఱకును ఉమరావులు పోటీపడెడివారు. జాగీరులు పోయినవి. వాటి పత్రములు దఫ్తరములలో భద్రముగ నున్నవి. ఆ వాద్యములు ఏమైనవో వ్రాసిపెట్టినవారు లేరు.

దేవిడీల మాట యటుండ, సామాన్యుల యింటను సన్నాయి లేనిదే శుభము జరుగలేదు. తెలంగాణమున నాయీబ్రాహ్మణ కుటుంబములు తరతరములుగ పెండ్లికిని, దేవుని పల్లకీకిని సన్నాయి ఊదుచు వచ్చినవి. కోస్తా జిల్లాలలో మహమ్మదీయ కుటుంబములు కొన్ని నాగస్వరమునే కులవిద్యగ పట్టినవి. నేటి ప్రకాశం జిల్లాలోని కరవదిలో 1924లో జన్మించిన షేక్ చిన మౌలానాగారు శ్రీరంగమున స్థిరపడి, రంగనాథుని సన్నిధిని నాగస్వరమూది, 1998లో మదరాసు సంగీత పరిషత్తువారి సంగీత కళానిధి బిరుదమునందిరి. ఆ సంప్రదాయమువారే యగు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2020లో పద్మశ్రీ లభించినది. మతమునకు మతమునకు నడుమ గోడలు కట్టువారు అన్ని పక్షములందును బలిసిన యీ దినములలో, ఈ కొయ్యగొట్టము ఎవరి చేతులలో నుండి ఎవరి గుడిలో మ్రోగినదో జ్ఞాపకము చేసికొనుట మేలు. జాతీయతను గూర్చి వేదికలపై గంటలకొలది చెప్పుదుము. దానిని ఒక సన్నాయిలో చూడగలవారు అరుదు.

ఇక సంగతి బజారునకు తేవలెను. పాతవస్తువులు కొనువారికి జుమేరాత్ బజారు తెలియును. మహబూబ్ చౌకు పరిసరములును తెలియును. అచ్చట అప్పుడప్పుడు వాద్యములు కనబడుచుండును. ఒక గురువారమునాడు మేము చూచిన సన్నాయి మూరెడు పొడవున నల్లగ నిగనిగలాడుచుండెను. పట్టీలు ఊడబెరికిన చోట తెల్లని గీతలుండెను. వెండి యదివరకే వేఱు దారి పట్టినదన్నమాట. పీక లేదు. అమ్మువాడు దానిని నిలువుగ నిలిపి చూపి, అడుగున రంధ్రము తొలిపించి దీపము పెట్టించి యిత్తునని చెప్పెను. అతని తప్పేమియు లేదు. అతనియొద్దకు వచ్చు కొనుగోలుదారులు హోటళ్ళను, విశ్రాంతి గృహములను అలంకరించువారు. వారడిగినదియే యతడు చేయుచున్నాడు.

వెండిని గూర్చి యొక మాట. బిస్మిల్లాఖాను పేరెరుగనివారు మన దేశమున లేరు. 1947లో ఎఱ్ఱకోటలో స్వాతంత్ర్యోత్సవ సందర్భమున సన్నాయి ఊదిన ఆ మహనీయునకు 2001లో భారతరత్నమిచ్చి గౌరవించితిమి. 2006లో ఆయన పరమపదించెను. పదియేండ్లు తిరిగి 2016 డిసెంబరులో ఆయన వెండి సన్నాయిలు వారణాసిలో ఆయన కుమారుని యింటినుండి దొంగిలింపబడెను. మరుసటి నెలలో పోలీసువారికి దొరికినది కరిగించిన వెండిముద్ద. భారతరత్నము సన్నాయికే యిట్టి గతి పట్టినపుడు హరిబౌలి సందులోని పేరులేని సన్నాయిని గూర్చి వగచుట వెఱ్ఱి యని లోకులనవచ్చును. మేమనునది వేఱు. పేరున్న దానికి వగచువారుందురు. పేరులేని దానికి మనమే యుండవలెను.

సేకరించువారు లేకపోలేదు. మన భూస్వాముల యిండ్లలోను, వర్తకుల యిండ్లలోను పాతవస్తువులయెడ మక్కువ యిటీవల పెరిగినది. కత్తులు, గడియారములు, గ్రామఫోనులు, చెక్క స్తంభములు గోడలవెంట వరుసగ నిలుపుచున్నారు. ఈ అభిరుచిని మేము నిందింపము. ధనము వ్యర్థముగ పోవు మార్గములు ఇంతకంటె చెడ్డవి పెక్కులున్నవి. అయితే కత్తిని సేకరించు పద్ధతి సన్నాయికి పనికిరాదు. కత్తి గోడపై నున్నను కత్తియే. సన్నాయిలో కొయ్యకంటె ముఖ్యమైనది కొయ్యలోపలి శూన్యము. పైనుండి క్రిందికి పోను పోను విరిసెడు ఆ బోలులోను, రంధ్రములు తొలిచిన తావులలోను ఆ కాలపు శ్రుతి, ఆ పనివాని చెవి, ఆ వాయించువాని వ్రేళ్ళ యెడము దాగియున్నవి. దానికి లోపల వార్నీషు పూసినవాడు పుస్తకమునకు లోపల సున్నము వేసినవానితో సమానుడు.

ఈ విషయము కొంచెము విప్పి చెప్పవలసియున్నది. నాగస్వరమునకు వ్రేళ్ళతో మూయు రంధ్రములు ఏడు. వాటి క్రింద మరియైదు చిన్న రంధ్రములుండును. అవి ఊదుటకు కావు, మైనముతో మూయుచు తెరచుచు శ్రుతి సరిచూచుకొనుటకు. పాత వాద్యములో ఆ మైనము ఏ రంధ్రమున నున్నది, ఏ రంధ్రమున లేదు అనునదియే గొప్ప సాక్ష్యము. ఆ వాద్యకాడు ఏ శ్రుతిలో వాయించెనో అది చెప్పును. బేరగాడు మొట్టమొదట చేయు పని ఆ మైనమును సూదితో గీకి శుభ్రపరచుట! పీకలు, వాటిని సవరించు దంతపు పుల్ల, ఒక దారమున వ్రేలాడుచుండును. ఆ దారము తెగగొట్టి, పీకలు ఎండుగడ్డి యని పారవేయుదురు. పీక లేని సన్నాయి నాలుక లేని నోరు. దంతపు పుల్ల మాత్రము అమ్మరాదని, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దంతవ్యాపారమును నిషేధించునని కొనువారు ఎరిగియుండుట మంచిది.

పాత వాద్యములు అటకలకెక్కుటకును కారణము శ్రుతియే. పూర్వము తిమిరి యను పొట్టి నాగస్వరము హెచ్చు శ్రుతిలో మ్రోగెడిది. తిరువావడుదురై రాజరత్నం పిళ్ళై (1898–1956) శ్రుతి తగ్గించి, పొడవైన బారి నాగస్వరమునకు ప్రాచుర్యము తెచ్చెను. ఆయన కొఱకు నరసింగపేట రంగనాథాచారి 1955లో శుద్ధమధ్యమము తప్పక పలుకు వాద్యమును తయారుచేసెను. నాటినుండి పొట్టివానికి పెండ్లి బేరములు తగ్గినవి. బ్యాండు మేళముల క్లారినెట్టు కథయు నిట్టిదే. పాత క్లారినెట్లు కొన్నింటిపై హెచ్.పి. యను రెండు ఇంగ్లీషు అక్షరములు చెక్కియుండును. హెచ్చు శ్రుతి యని యర్థము. 1920ల చివర వరకు ఇంగ్లండు సైనిక బ్యాండులలో ప్రమాణ స్వరము సెకనునకు సుమారు 452 కంపనములుగ నుండెడిది. 1939లో లండనున జరిగిన సభ 440ని నిర్ణయించెను. కావున నా పాత క్లారినెట్టు నేటి హార్మోనియముతో పొసగదు. పొసగదు గనుక పారవేసిరి. చరిత్ర వ్రాయువానికి ఆ పొసగనితనమే కావలసినది. ఏబది, నూరేండ్ల క్రిందట మన చెవులు ఏ యెత్తున స్వరము నాలించెనో గ్రంథములు చెప్పజాలవు. ఈ కొయ్యలు చెప్పగలవు.

అట్లని సంతలో కొని తెచ్చిన సన్నాయిని ఆ సాయంకాలమే నోట పెట్టుకొనవలదు. దశాబ్దములుగ ఎండిన కొయ్యలోనికి ఒక్కసారిగ ఊపిరి తేమ చొరగా లోపలి పొర ఉబ్బును, వెలుపలి పొర ఉబ్బదు. కొయ్య నిలువున పగులును. యంత్రముతో చల్లపరచిన గదినుండి వానకాలపు గాలిలోనికి తెచ్చినను ముప్పే. పాతది వాయింపవలెనా, దాచవలెనా యని పాశ్చాత్య దేశముల సేకర్తలు చిరకాలముగ తగవులాడుచున్నారు. మా యభిప్రాయము స్పష్టము: పాతదానిని కొలిచి, దాచి, దాని కొలతలతో క్రొత్తదానిని తరిమెన పట్టించి, ఆ క్రొత్తదానిని వాయింపవలెను. ఇట్లు చేసినచో పాతది చెడదు, ధ్వని దక్కును, వడ్రంగికి కూలి దొరకును, వాయించువానికి పని దొరకును. గోడకు తగిలించినచో వీనిలో నొకటియు జరుగదు.

కొయ్య యెక్కడిది యందురా? ఆ కొయ్యయు మన యింటనే కూలుచున్నది. నాగస్వరమునకు శ్రేష్ఠమని తమిళులు ఆచ్చా యని పిలుచు చెట్టు మన నారేపి. నరసింగపేట పనివారు పచ్చికొయ్య ముట్టరు. పాత యిండ్ల దూలములనుండి, స్తంభములనుండి తీసిన, ఏండ్ల తరబడి ఎండిన చేవకొయ్యను కొని తరిమెనకెక్కింతురు. వారి నాగస్వరమునకు 2022లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. కావేరీతీరమువారు పాత యింటి దూలమునుండి స్వరమును తీయుచుండగా, మూసీతీరమువారు పాత యింటి స్వరమును దూలములతోపాటు కట్టెల అడితికి తోలుచున్నారు.

ఇతరులేమి చేసిరో చూచినచో సిగ్గు కలుగును. కలకత్తాకు చెందిన రాజా సౌరీంద్రమోహన టాగూరు 1876 ప్రాంతమున సుమారు నూరు భారతీయ వాద్యములను బెల్జియము రాజునకు కానుకగ పంపెను. అవి బ్రస్సెల్సు వాద్య ప్రదర్శనశాలకు పునాదిరాళ్ళలో నొకటియైనవి. నేటికిని అచ్చట భద్రముగ నున్నవి. దక్షిణదేశపు వాద్యములను, దక్కను వాద్యములను బొమ్మలతో వర్ణించి 1891లో గ్రంథము ప్రకటించినవాడు చార్లెస్ రస్సెల్ డే యను ఆంగ్ల సైనికాధికారి. పరాయి వాడు కవాతు చేయుచు చేసిన పని మనవారు ఇంట కూర్చుండియు చేయలేదు. అందఱు విదేశీయులే యనుటకును వీలులేదు. పుణెలో దినకర్ కేల్కర్ అను కళ్ళజోళ్ళ వ్యాపారి ఊరూరు తిరిగి వేలకొలది వస్తువులు కూర్చి, అన్నిటిని 1975లో మహారాష్ట్ర ప్రభుత్వమునకప్పగించెను. అందు వాద్యముల గదులు చూడదగినవి. ఆయన సంస్థానాధీశుడు కాడు. మన యొద్ద జయధీర్ తిరుమలరావుగారు దశాబ్దములుగ జానపదుల, గిరిజనుల కళావస్తువులను, వాద్యములను గాలించి తెచ్చి ప్రదర్శించుచున్నారు. ఆ శ్రమ యొక్కరి భుజములపైననే యుండుట రాష్ట్రమునకు శోభ కాదు.

సాలార్‌జంగు ప్రదర్శనశాల యున్నదిగదా యని యనవచ్చును. మూడవ సాలార్‌జంగు 1949లో గతించినపిమ్మట, 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో నెహ్రూగారు ప్రారంభించిన ఆ సంస్థ 1968లో నేటి భవనమునకు తరలినది. అచ్చట గంట గంటకు చిన్న బొమ్మ వచ్చి గడియారపు గంట కొట్టుటను చూచుటకై జనము కుర్చీలపై కూర్చుండి వేచియుందురు. బొమ్మ గంట కొట్టుటను చూచుటకు ఇంత యోపిక గల ప్రజలు, మనిషి సన్నాయి ఊదుటను వినుటకు రారా? వత్తురు. వారికి ఆ యవకాశమిచ్చినవారు లేరు. చౌమహల్లా మరమ్మతు పొంది 2005లో ప్రజలకు తెరువబడి, 2010లో యునెస్కోవారి పురస్కారము నందినది. పురానీ హవేలీలో నిజాము వస్తుప్రదర్శనశాల 2000 సంవత్సరమునుండి నడచుచున్నది. ఈ మూడింటిలో నేదేని యొకటి ఒక గది యిచ్చి, వారమునకొకనాడు సాయంకాలము నౌబతు వాయింపజేసినచో పెద్ద ఖర్చు కాదు.

ఆకలి తీరని ఊరిలో అటకల వెదుకులాట యేల యని కోపించువారును ఉందురు. వారికి మా ప్రత్యుత్తరమొక్కటే. సన్నాయి కుటుంబములు ఆకలిగొన్న వారిలోనివే. పెండ్లిండ్లలో ఫలకముపై మీట నొక్కిన సన్నాయి మ్రోగుచున్న దినములివి. వారి యింటి పాతవాద్యమును వందయో రెండు వందలో చేతిలో పెట్టి తీసికొనిపోయి, నగరపు దుకాణమున వేలకు అమ్ముట దోపిడి యనబడును గాని సేకరణ యనబడదు. కొనువారు వాద్యముతోపాటు దాని వంశమును కొనవలెను: ఎవరు చేసిరి, ఎవరు ఊదిరి, ఏ గుడిలో, ఏ దేవిడీలో, ఏ కొయ్య, ఎంత పొడవు, రంధ్రములు ఎచ్చటెచ్చట. ఇవి యొక కాగితముపై వ్రాసి, అమ్మినవాని పేరు దాచక అందు చేర్చవలెను. వీలైనచో ఆ యింటి పెద్దచేత క్రొత్త పీకతో క్రొత్త వాద్యముపై నాలుగు కీర్తనలు ఊదించి ధ్వనిముద్రణ చేయవలెను. చేతిలోని టెలిఫోనుతోనే యది జరుగును. జిల్లాలలో గడీలు గలవారు, పాతనగరమున దేవిడీలు మిగిలినవారు తమ యటకలను తామే వెదకి, వాద్యములను తమ పేరుతోనే ప్రదర్శనశాలకు ఎరువుగ నియ్యవచ్చును. దానమే చేయుమని మేము కోరము.

చట్టమును గూర్చి రెండు మాటలు. నూరేండ్లు దాటిన కళావస్తువు 1972 నాటి పురావస్తు చట్టము క్రిందికి వచ్చును. అట్టిదానితో వ్యాపారము చేయుటకు లైసెన్సు కావలెను, దేశము దాటింపరాదు. ఆ చట్టము ఎల్ల దాటు దొంగకు కొంత అడ్డము; పొయ్యిలోనికి పోవు కొయ్యకు అడ్డము కాదు. పొయ్యికి అడ్డుపడవలసినది స్థానికాధికారులు.

మెట్రో పని చేయించు సంస్థయు, రాష్ట్ర వారసత్వశాఖయు, కులీ కుతుబ్ షా పట్టణాభివృద్ధి సంస్థయు కూడి యొక చిన్న యేర్పాటు చేయవలెను. పడగొట్టవలసిన ప్రతి యింటికి, యంత్రము వచ్చుటకు ముందొక దినమున, ఒక సన్నాయి విద్వాంసుని, ఒక వడ్రంగిని, వ్రాతకొక గుమాస్తాను పంపవలెను. ఇంటివారి యనుమతితో అటక చూచి, వాద్యమేదైన నున్నచో ఫొటో తీసి, కొలిచి, చీటి కట్టి యింటివారికే యప్పగింపవలెను. వారమ్మదలచినచో న్యాయమైన ధర నిచ్చి కొనవలెను. పనికివచ్చు చేవకొయ్య యున్నచో దానిని గుర్తించి పనివారికి విడువవలెను. ఈ ముగ్గురి దినభత్యమును, బండి ఖర్చును పరిహారపు లెక్కలలోనే యొక పద్దుగ చేర్చి మంజూరు చేయింపవలెను.